కాజాలమ్మ పాదం

దర్జీ కొట్లో ఆమెను అందరూ కాజాలమ్మ అంటారు. కుట్టుపని మొత్తం వచ్చినా, కాజాలు కుట్టడంలో చేయి తిరిగిన మనిషి కాబట్టి ఆ పేరే అతుక్కుపోయింది. నోరూ తక్కువది కాదు. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకునే పెద్దమనుషులతో, "ఊపిరి వదలండి బాబూ, రేపు బొత్తాం ఊడితే మళ్లీ నా మీదే పడతారు" అనేది.

అలాంటిది ఒకే చొక్కాకు రెండూ కుడి చేతులే కుట్టి, ఇస్త్రీ కూడా చేసి పెట్టింది. పక్క మిషను మీద కుట్టే కూతురు చూసి నవ్వబోయింది. తప్పెక్కడుందో అమ్మకు కనబడడం లేదని తెలిసేసరికి మిషను ఆపేసి లేచింది.

డాక్టరు రెండు పరీక్షలు రాశారు. ఒకటి రక్తానిది. మతిమరుపు జబ్బు ముప్పును పెంచే జన్యువు ఉందేమో చూస్తారట. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరాలని లేదని, తల్లికుంటే పిల్లలకూ ఉండొచ్చని ఆయన నిదానంగానే చెప్పారు. కూతురి చెవిలో ఆ చివరి మాటే నిలిచిపోయింది. అప్పట్నుంచి సూది ఎక్కడ పెట్టిందో గుర్తు రాకపోయినా, తనకూ మొదలైందేమో అనుకుంటోంది.

రెండోది మెదడు స్పందన చూసే పరీక్ష. జుట్టుకు జిగురు రాసి తీగల టోపీ తొడుగుతారు. ఒక బొంగురు మోత వరసగా వినిపిస్తూ, మధ్యలో ఎప్పుడో ఒక సన్నని కూత వేస్తారు. కూత వినగానే చేతిలోని మీట నొక్కాలి.

కూతురు గాజు తలుపు ఇవతల నిలబడి వింటోంది. లోపల అమ్మ కుడి పాదం మిషను తొక్కుతున్నట్టు ఆడుతోంది. కూత రాగానే టక్కున ఆగింది. దారం తెగిన చప్పుడు వింటే ఆగిపోయే పాదం అది.

"కాలు కదపకండమ్మా, గీతలు చెడిపోతాయి," అన్నాడు పరీక్ష చేసే అతను.

"నేనెక్కడ కదిపాను నాయనా? బుద్ధిగానే కూర్చున్నాగా."

మళ్లీ మొదలైంది. పాదం ఆడింది, కూతకు ఆగింది. అమ్మ వింటోందని కూతురికి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఇంకో కూత వచ్చింది. పాదం ఆగలేదు. ఆ తర్వాతి దానికీ ఆగలేదు, మీట మీద వేలూ కదల్లేదు. కూతురి కాళ్లు మాత్రం ఇవతల బిగుసుకుపోయాయి.

పరీక్ష అయ్యాక టోపీ తీసి, చేతులు కడిగే తొట్టి దగ్గర, అద్దం ముందు అమ్మను కూర్చోబెట్టారు. కూతురు వెనక నిలబడి తడిగుడ్డతో జుట్టుకంటిన జిగురు తుడవసాగింది.

"ఇదిగో నర్సమ్మా," అంది కాజాలమ్మ. "ఆ రక్తంలో ఏం తేలినా మా అమ్మాయికి చెప్పకండి. పైకి గయ్యాళిలా కనబడుతుంది గానీ వట్టి పిరికిది. నిద్ర మానేస్తుంది."

కూతురు తలెత్తి చుట్టూ చూసింది, అక్కడ ఇంకెవరూ లేరు. అద్దంలోంచి అమ్మ తన ముఖంలోకే చూస్తోంది.

"చెప్పనులెండి," అంది కూతురు, గుడ్డ పిండుకుంటూ.