గడ్డి కప్పిన ఆట

మా మనవడు ఫోన్లో ఏదో యుద్ధం ఆట ఆడుతూ, "వాడు నూబ్, తీసెయ్" అని అరుస్తుంటాడు. నూబ్ అంటే కొత్తగా వచ్చిన, ఆట తెలియనివాడని నాకు వివరించబోయాడు. వాడి మొహం, నాకు చెప్పొచ్చాడు. అలాంటి మాటలు పుట్టించిన నోరు నాది.

ఎనభైల్లో నూజివీడు దగ్గర మామిడికాయల షెడ్డులో పనిచేసేదాన్ని. పెళ్లి కాలేదు, నోరు మాత్రం బాగా ఉండేది. కాయలు ఏరి, గంపల్లో గడ్డి పరిచి సర్దడం మా పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక నేనూ, నాతో పనిచేసే ఇద్దరమ్మాయిలూ నేల మీద బొగ్గుతో గళ్లు గీసి, గవ్వలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. మా మాటలు మాకే తెలియాలని నేనే కొన్ని కల్పించాను. ఆటలో కాయ నడిమి గడికి చేరి పండబోతుంటే "లారీ ఎక్కింది" అనేవాళ్లం. ఆట చేతకానిది "మచ్చకాయ". ఒక మనిషిని మిగిలినవాళ్లంతా కలిసి కదలనివ్వకుండా చేయాలంటే "గడ్డి కప్పండే" అంటే చాలు.

ఆ ఎండాకాలం చింతలపూడి వైపు నుంచి ఒక కొత్త కోడలు పనిలోకి వచ్చింది. అత్తగారు పని చెప్పడానికి తప్ప ఆమెతో నోరు విప్పదట, మొగుడైతే అదీ లేదట. రోజు మొత్తంలో మనుషులతో కూర్చునేది ఈ ఆట దగ్గరేనని ఆమే చెప్పింది. నాలుగో చెయ్యి ఉంటే ఆట బాగుంటుందని రానిచ్చాం.

మా ఆటలో ఒకరి కాయనైనా చంపనిదే లోపలి గళ్లలోకి వెళ్లకూడదు. ఆమె గవ్వలు పట్టుకోగానే నేను "గడ్డి కప్పండే" అనేదాన్ని. మా కాయ ఒక్కటీ ఆమెకు చిక్కనిచ్చేవాళ్లం కాదు, నెల రోజులూ ఆమె కాయలు బయటి గళ్లలోనే తిరిగాయి. "అంటే ఏంటక్కా?" అని అడిగింది. "నీకు మంచి పందెం పడాలని మొక్కుకోవడం" అన్నాను. మిగతా ఇద్దరూ పైట నోట్లో కుక్కుకుని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకింకా సరదా పుట్టేది.

ఒకరోజు ఆమె నీళ్లకు వెళ్లినప్పుడు క్యారేజీ సంచి వెతికాను. పాత నోటుపుస్తకం దొరికింది. గుండ్రటి అక్షరాలతో మా మాటలన్నీ, పక్కనే వాటి అర్థాలు. ఒక్కటీ తప్పు లేదు. ఆమె గొంతు పెట్టి ఆ ఇద్దరికీ చదివి వినిపించాను. "మచ్చకాయ అంటే నేను." వాళ్లు పడీ పడీ నవ్వారు. కింద ఇంకో వరస ఉంది. "గడ్డి కప్పడం అంటే నన్ను ఆడనివ్వకపోవడం. అక్క వేరేగా చెప్పింది. నాకు తెలిసిందని తెలిస్తే కూర్చోనివ్వరు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నాకు సిగ్గు రావాలి, రాలేదు. కోపం వచ్చింది. ఇన్నాళ్లూ అన్నీ తెలిసే మా ఎదుట అమాయకంగా కూర్చుందని ఒళ్లు మండిపోయింది. పుస్తకం సంచిలో పెట్టేసి, ఆ సాయంత్రమే మిగతా ఇద్దరికీ కొత్త మాటలు నేర్పాను.

మర్నాడు ఆమె వచ్చి కూర్చుంది. కొత్త మాట వినబడినప్పుడల్లా మా ముగ్గురి మొహాలూ చూసింది. ఆ రోజు నవ్వలేదు. గవ్వలు నా ముందు పెట్టి, "మీరు ఆడుకోండక్కా" అని లేచి వెళ్లి, గంపల అవతల ఒక్కతే కూర్చుంది. సీజను అయిపోయేదాకా అన్నం కూడా అక్కడే తింది. నేను ఒక్కసారి కూడా పిలవలేదు.