నాగూర్ బీ ట్యూబు పట్టీ

మోపిదేవి సైకిల్ షాపు ముందు గాజుల నాగూర్ బీ గెలిచిన పోట్లాటను ఆమె పొరుగింటి వెంకాయమ్మ కళ్ళారా చూసింది. పాత ట్యూబు చీల్చి ఇమ్మంటే, "తొడక్కట్టుకోడానికి ట్యూబేంటి మామ్మా, కర్ర పట్టుకో" అని షాపు సీమోను నవ్వాడు. "కర్ర పట్టుకుంటే గాజులు మీ నాయన తొడుగుతాడంట్రా? ఒక చెయ్యి పిల్ల అరచెయ్యి నొక్కిపట్టాలి, రెండోది గాజు ఎక్కించాలి" అందామె. సీమోను కత్తెర తీశాడు.

ఉప్పెనలో దూలం మీదపడి ఆమె కుడి తొడ కండ చచ్చిపోయింది. అడుగేస్తే మోకాలు మడతబడి కూలిపోయేది. చీర కింద తొడ నుంచి మోకాలి మీదుగా పిక్క దాకా ఆ ట్యూబు పట్టీ బిగించాక మాత్రం రబ్బరు సాగి, మోకాలిని మళ్ళీ నిటారుగా లాగేది. అలా కాలు ఈడ్చుకుంటూనే గాజుల మలారం భుజానేసుకుని ఊళ్ళు తిరిగేది. చాలా ఇళ్ళల్లో గాజులు తొడిగించుకునే చేతులే మిగల్లేదు.

ఉప్పెన తర్వాత పాలకాయతిప్ప వైపు మొదటి పెళ్ళి కుదిరింది. పెళ్ళినాటి పొద్దున అటు బయల్దేరిన నాగూర్ బీ వెంకాయమ్మ అరుగు మీదే కూలబడింది. చీర ఎత్తి చూస్తే పట్టీ మాంసంలోకి దిగి చీము కారుతోంది. కింద పిక్క నల్లబడింది.

"విప్పి పారెయ్యవే, కాలు తీసేస్తారు!" అని వెంకాయమ్మ గొంతు చించుకుంది.

"విప్పితే నిలబడలేను వదినా. ఆ పెళ్ళికూతురికి అమ్మా లేదు, అక్కా లేదు. గాజులు నన్నే తొడగమంది. నా చేతుల బలం చాలట్లేదు. ఇంకో చుట్టు వేసి గట్టిగా లాగు. నేను ఏడ్చినా ఆపకు."