రెండు గీతలు, ఒక చుక్క

మొన్న తెనాలిలో సబ్బుబిళ్ళ కొంటే, కౌంటరు దగ్గరి అమ్మాయి దాన్ని ఎర్రటి వెలుతురు ముందు తిప్పింది. కీచుమని శబ్దం వచ్చింది, ధర తెర మీద పడింది. ఈ బార్‌కోడును మిషను ఎలా చదువుతుందని ఆ అమ్మాయినే అడిగాను. వెనక నిలబడ్డవాళ్ళు విసుక్కున్నారు. విసుక్కోనీ, తెలియంది అడగడానికి నాకు సిగ్గు లేదు. నల్ల గీత వెలుతురును మింగేస్తుందట, మధ్యనున్న తెల్ల జాగా దాన్ని తిప్పి పంపుతుందట. ఏ గీత సన్నం, ఏ గీత లావు అన్నదాన్ని బట్టి మిషను అంకెలు పోగేసుకుంటుందట.

"ఆ గీతల్లో సబ్బు పేరూ ఉండదండి, రేటూ ఉండదండి. నంబరొక్కటే. మిగతాదంతా మా కంప్యూటర్లో ఉంటుంది ఆంటీ," అంది.

సబ్బు పట్టుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

గీతలు చదివే మనిషిని నేను చిన్నప్పటి నుంచీ రేపల్లెలో చూశాను. ఆమె మా బట్టలు ఉతికేది. ఒక్క అక్షరం రాదు. నల్లజీడి గింజను సూదితో పొడిచి, మొనకు అంటిన రసంతో చొక్కాకైతే కాలర్ లోపల, చీరకైతే కొంగు మూల గుర్తు పెట్టేది. దాని మీద తడి సున్నం అద్దేది. కాసేపటికి గుర్తు నల్లబడేది. ఇక ఉబ్బ బానలో ఆవిరికి ఉడకబెట్టినా, బండకేసి బాదినా పోయేది కాదు. ఆ రసం తగిలి ఆమె వేళ్ళు మాత్రం ఎప్పుడూ పొక్కులతో ఉండేవి.

మా ఇంటికి రెండు నిలువు గీతలు, కుడి పక్కన ఒక చుక్క. ఎదురింటివాళ్ళకూ అవే గీతలు, చుక్క మాత్రం ఎడమ పక్కన. తిరగేసి పట్టుకుంటే వాళ్ళది మాదైపోదా అని ఓసారి ఆమెను ఇరుకున పెట్టబోయాను.

"కుట్టు ఎటుందో చూడాలి పాపగారూ. గీతల కాళ్ళు కుట్టు మీదుంటాయి," అని నవ్వింది.

గుర్తు ఇంటికే, మనిషికి కాదు. నాన్న చొక్కాకూ అన్నయ్య చొక్కాకూ అదే. ఏది ఎవరిదో ఆమెకు గుర్తుండేది.

డెబ్భై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. అన్నయ్య పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. సముద్రం దాపు ఊళ్ళలో గొడ్లకు సూదులు వేయాలని ముందురోజే బయల్దేరాడు. నీలం చారల టెర్లిన్ గుడ్డతో రెండు చొక్కాలు ఒకేలా కుట్టించుకున్నాడు; ఒకటి వేసుకుని వెళ్ళాడు, రెండోది ఉతుకుడు మూటలో ఉంది. ఆమె భర్త కూడా ఆ రోజే అటువైపు, మేనకోడలి పెళ్ళి మాటలకని వెళ్ళాడు. నీళ్ళు తీశాక ఆమె మా అరుగు మీద కూర్చుని ఆ సంగతి చెప్పింది. అమ్మ విందో లేదో. నేను విన్నాను, విని ఊరుకున్నాను. మా ఆదుర్దా మాది.

నాలుగో రోజున ఓ తలారి తడి గోనెలో కాలర్ ముక్కలు మూటకట్టుకుని మా ఊరొచ్చాడు. శవాలను ఉంచే వీల్లేక ఎక్కడివక్కడే పూడ్చేస్తున్నారు. పూడ్చే ముందు గుర్తున్న ముక్క కోసి ఉంచారు. ఊళ్ళో బట్టలుతికేవాళ్ళంతా ఆ మూట చుట్టూ కూర్చుని ఒక్కో ముక్కా చదివారు. మధ్యాహ్నానికి ఆమె మా గుమ్మంలోకి వచ్చి గుప్పిట విప్పింది. నీలం చారల ముక్క.

"మన గుర్తేనండి, అమ్మగారూ."

"సరిగ్గా చూశావా? ఎదురింటివాళ్ళదేమో," అంది అమ్మ. ఎదురింట్లోనూ పెళ్ళీడు కొడుకున్నాడు. ఆ మాట మాలో ఎవరికీ తప్పనిపించలేదు.

"కాదండి. కుట్టు ఇటుందండి."

అమ్మ కూలబడిపోయింది. అమ్మ పక్కనే ఆమె కూర్చుని మా అందరికన్నా ఎక్కువ ఏడ్చింది. ఆ రెండు రోజులూ మా ఇల్లు వదిలి కదల్లేదు. చెప్పకుండానే నీళ్ళు తోడింది, వాకిలి కడిగింది. ఎంత విశ్వాసమో అని నాన్న అన్నాడు. భర్త ఊసెత్తలేదు. మేమూ అడగలేదు.

ఆరో రోజు పొద్దెక్కాక అన్నయ్య వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. ఒంటి మీద నీలం చారల చొక్కా. ఆఖరు నిమిషంలో పై అధికారి మందు సీసాలు తెమ్మని బాపట్ల పంపాడట. దార్లు తెగి అక్కడే చిక్కుకుపోయాడు. పొన్నూరు, తెనాలి మీదుగా లారీలు పట్టుకుని, భట్టిప్రోలు నుంచి నడిచి వచ్చాడు. అమ్మ వాడి మొహమంతా తడిమింది. నేను పిచ్చిదానిలా నవ్వాను. అంత సంతోషం నాకు మళ్ళీ ఎప్పుడూ కలగలేదు.

ఆమె బావి దగ్గర బిందెతో నిలబడి ఆ చొక్కానే చూస్తోంది. బిందె జారిపడింది. వచ్చి అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"రెండోది మా ఆయన తొడుక్కెళ్ళాడండి. పెళ్ళి మాటలు కదా, నలుగుర్లో బాగుండాలని నేనే ఇచ్చానండి. ముక్క చూడంగానే ఇద్దర్లో ఎవరిదో తెలీలేదండి నాకు." ఊపిరి పీల్చుకుంది. "అబ్బాయిగారిదే అవ్వాలని మొక్కుకున్నానండి. ఈ రెండు రోజులూ మీ పక్కన కూర్చుని అదే మొక్కుకున్నానండి, అమ్మగారూ."

అన్నయ్య తన చొక్కా గుండీలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అమ్మ కింద కూర్చుని ఆమె తల ఒళ్ళోకి తీసుకుంది. ముందు నోరు తెరిచింది నేనే.

"అడక్కుండా అన్నయ్య చొక్కా ఎందుకిచ్చావు?" అన్నాను.