ఎదురింటి దాకా ప్రయాణం

ఉచితంగా తిరగాలని నేను పడినంత శ్రమ, డబ్బులిచ్చి తిరిగేవాళ్లెవరూ పడి ఉండరు. వికారాబాద్‌లో కాలేజీ పిల్లలకు పాఠం చెప్పడం నా ఉద్యోగం. క్రెడిట్ కార్డు పాయింట్లు పోగెయ్యడం నా వ్యసనం. బట్టల దుకాణంలో చుట్టాలు జేబులో చెయ్యి పెట్టేలోపే నేను అడ్డం పడేవాణ్ణి. "ఆగండాగండి, నా కార్డు గీకుదాం, నాకు తర్వాత ఇద్దురు." ఎరువుల బస్తాలు, పెళ్లి చీరలు, తోటి లెక్చరర్ల పిల్లల ఫీజులు, తాండూరులో మా బావ తన బండల పాలిషింగ్ యూనిట్‌కు కొనే కటింగ్ బ్లేడ్లు, అన్నీ నా కార్డు మీదుగానే నడిచేవి. స్టాఫ్ రూంలో నాకు 'కార్డు సారు' అని పేరు పడింది. ఆ పేరు విని రేషన్ కార్డు పని మీద ఒక పెద్దమనిషి నిజంగానే నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

ఆ పాయింట్లను విమాన కంపెనీ మైళ్లుగా మార్చుకోవచ్చు. మైళ్లతో టికెట్లు తీసుకోవచ్చు. ఈ సంగతి మా అక్కకు మొదటిసారి చెప్పినప్పుడు "మైల్సు" అన్నాను.

"మైలనా? ఎవరికొచ్చిందిరా?" అని కంగారుపడింది.

"మైల కాదక్కా, మైళ్లు. దూరం."

"దూరమంటున్నవ్, మైలకు గూడ దూరమే ఉండాలె గద," అంది. మాటల్లో ఆమెను గెలవడం నా చేతకాదు. మా ఇంట్లో శ్లేష ఆమె సొత్తు. నాకు వచ్చింది వడ్డీ మాత్రమే.

ఈ విద్యలో ఒక కిటుకు ఉంది. అమ్ముడుపోని సీట్లను కంపెనీలు చివరి రోజుల్లో పాయింట్లవాళ్లకు వదులుతాయి. సాయంత్రం అంగడి ముగిసే వేళ మిగిలిన టమాటాల్లాంటివి అవి. ముందుగా అడిగితే కొండెక్కి కూర్చునే సీటు, రేపనగా ఇవాళ చౌకగా దిగివస్తుంది. కాబట్టి పాయింట్లు ఒక్కటే ఉంటే సరిపోదు, ఎప్పుడంటే అప్పుడు లేచి పోగలిగిన కాళ్లు ఉండాలి. నేను మొదటి దాన్ని కూడబెట్టాను. రెండోది ఎవరికి ఉందో చూసుకోలేదు.

మా చెల్లె కేంద్ర ప్రభుత్వ బడిలో టీచర్. పెళ్లి వద్దనుకుంది, మేము అడగడం మానేశాం. కష్టమైన చోట కొన్నేళ్లు చేస్తే కోరుకున్న చోటికి బదిలీ ఇస్తారని అండమాన్‌కు పోయింది. అక్కడ ఆమెకు రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక తనొక్కదాని పేరు మీద తాళంచెవి అందుకోవడం అదే మొదలు. ఒక ఆదివారం ఫోన్ చేసింది.

"అన్నా, ఈడ అందరిండ్లకు ఎవరో ఒకరొస్తరు. మా పక్కింటి తమిళామెకైతే నెలకొకరు. నన్ను రోజూ అడుగుతది, నీకెవ్వరు లేరా అని. అందరున్నరంటే నమ్మదాయె."

"ఫోటో చూపియ్యరాదు?"

"చూపెట్టిన. ఫోటోలకేంది, ఎవరివైనా ఉంటయ్ అన్నది."

నవ్వుతూనే చెప్పింది. కానీ ఆ తర్వాత చాలాసేపు కర్టెన్ల గురించి మాట్లాడింది. ఇంకో మంచం కొన్నానంది. అక్క వస్తే పడుకోవడానికి. అక్క ఒక్క వారమన్నా వచ్చి ఉండాలని ఆమెకు ఎంత కోరికో, ఆ మంచం మాట దగ్గర నాకు అర్థమైంది. చిన్నప్పుడు చెల్లెకు తల దువ్వింది, పలక పట్టించింది అక్కే. ఇప్పుడు చెల్లె ఇల్లెట్లుందో అక్క చూడాలి. అంతే.

బావ వెంటనే సిద్ధమయ్యాడు. ఆయన బండలను కోసినంత సూటిగా మాట్లాడతాడు. "బామ్మర్దీ, రెండు టికెట్లు కొనెయ్. పైసలిస్త. ఫికర్ లేదు."

"వద్దు బావా. నా దగ్గర కుప్పలున్నయ్ పాయింట్లు. మీ బ్లేడ్లకు వచ్చినయే సగం ఉంటయ్. జర ఓపిక పట్టు, సీట్లు పడ్తయ్."

"పడ్తయంటవా?"

"ఖచ్చితంగ పడ్తయ్."

ఆయన జేబులోంచి తీసిన ఫోన్ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఏది ఉచితంగా దొరుకుతుందో చెప్పడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు. ఆ వేళకు ఏది ఉచితమో మాత్రం నాకు తట్టలేదు.

సీట్లు పడ్డాయి. ఒక గురువారం మధ్యాహ్నం, క్లాసుకూ క్లాసుకూ మధ్య ఫోన్ తెరిస్తే, మర్నాటి పొద్దుటి విమానంలో చెన్నై మీదుగా రెండు సీట్లు. చేతిలో చాక్‌పీసుతోనే వరండాలోకి ఉరికి అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా! రేపు పొద్దుగాల. సంచి సర్దుకో!"

అటువైపు పోపు చిటపటలు వినపడ్డాయి. "రేపు ఏం వారం తమ్మీ?"

"శుక్రారం."

"శుక్రారం ఆడామె గడప దాటుతదా? ఇంట్ల లక్ష్మి నాతోటి నడిచొస్తదిరా."

"విమానాలు శుక్రారం దాటుతయ్ గదక్కా!"

"దాటుతయ్. అందుకే విమానాల కంపెనీలు గట్ల మునుగుతున్నయ్."

వెనక నుంచి బావ, "మీ అక్క లక్ష్మిని ఈడనే ఉండుమని నేను చెప్త, నువ్వు టికెట్ తియ్యి," అని అరిచాడు. ఆ మాట అక్కను ఇంకా గట్టిపరిచింది. సాయంత్రానికి ఆ సీట్లు లేవు. ఎవరో వారం పట్టింపు లేనివాళ్లు ఎగరేసుకుపోయారు.

కానీ అక్క మొండిదే గానీ మూర్ఖురాలు కాదు. రెండ్రోజుల తర్వాత ఆమే ఉపాయం చెప్పింది. మంచి రోజున బయల్దేరడం కుదరకపోతే, ఆ మంచి రోజున సంచిని ముందుగా గడప దాటించి ఇంకొకరి ఇంట్లో పెడతారు. పంతుళ్లు దాన్ని ప్రస్థానమంటారు. మా ఇంట్లో 'సంచి దాటించుడు' అంటాం. సంచి దాటిందంటే మనిషి బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత ఏ వారం బస్సెక్కినా తప్పు లేదు. చివరి నిమిషపు విమానాలకు ఇంతకంటే సరిపోయే ఏర్పాటు ఏ కంపెనీ ఆలోచించింది? నాకు తెగ నచ్చింది. అక్కా, నేనూ మొదటిసారి ఒకే సిద్ధాంతం కిందికి వచ్చాం.

అట్లా ఒక మంచి రోజు చూసుకుని అక్క సంచి ఎదురింటికి చేరింది. ఎదురింట్లో ఉండేది సేడం నుంచి వచ్చిన కన్నడామె, అక్కకు వరసకు వదిన. సంచిలో కందిపప్పు, ఎండు మిరపకాయలు, జొన్న రొట్టెలు, చెల్లెకు ఒక చీర, ఇద్దరి బట్టలు. అయితే దాటించిన సంచి కొద్ది రోజులే చెల్లుతుందట. పాయింట్లలాగే దానికీ గడువుంది. సీట్లు పడకపోతే దాన్ని వెనక్కి తెచ్చి, రొట్టెలు మార్చి, ఇంకో మంచి రోజున మళ్లీ పంపాలి. అక్క సంచి ఆ వీధిని అడ్డంగా ఎన్నిసార్లు దాటిందో, దానికి మైళ్లు ఇచ్చి ఉంటే మా అందరికంటే ముందు అదే అండమాన్ చేరేది.

"ఏమక్కా, పోతున్నవా, వస్తున్నవా?" అని వీధిలో ఆడవాళ్లు అడిగేవారు.

"పోయినదాన్నే," అనేది అక్క, వాకిట్లో బియ్యం చెరుగుతూ. "అండమాన్ల ఉన్న ఇప్పుడు. కనపడ్తలేనా?"

చెల్లెకు ఇదంతా ఫోన్లో చెప్తే పడీపడీ నవ్వింది. "మా తమిళామెకు చెప్పిన అన్నా, మా అక్క బయల్దేరింది, ఎదురింటి దాక వచ్చిందని."

"ఏమన్నది?"

"రోడ్డు ఎంత పెద్దది అనడిగింది."

చలికాలం పోతుండగా ఒక సోమవారం మళ్లీ రెండు సీట్లు కనిపించాయి. మంగళవారం మధ్యాహ్నం విమానం. మంగళవారమంటే మామూలుగా ప్రయాణం మాటే ఎత్తకూడదు. భయపడుతూనే ఫోన్ చేశాను.

"తియ్యి తమ్మీ!" అంది అక్క. "నేను ఐతారమే బయల్దేరిన. సంచి ఆడనే ఉన్నది."

ఆ గొంతులో ఆమె వయసు సగానికి సగం తగ్గింది. టికెట్లు తీసేశాను. చెల్లెకు చెప్తే ముందు వెనక్కి తిరిగి "వస్తున్నరు! రేపొస్తున్నరు!" అని హిందీలో ఎవరికో అరిచింది. తమిళామెకే అనుకుంటాను.

మర్నాడు పొద్దున వాళ్ల కారు శంషాబాద్‌కు మా వికారాబాద్ మీదుగానే పోవాలి. నేను టిఫిన్ కట్టించుకుని రోడ్డు మీద నిలబడ్డాను. కారు రాలేదు, ఫోన్ వచ్చింది. బావ గొంతు మెల్లగా ఉంది. ఆయన మెల్లగా మాట్లాడితేనే నాకు భయం.

"బామ్మర్దీ, వదిన ఇంటికి తాళమున్నది."

"ఏ వదిన?"

"ఎదురింటామె. పొద్దున్నే సేడం పోయిందంట, తమ్మునింట్ల ఏదో ఫంక్షన్. ఫోన్ ఎత్తుతలేదు."

"సంచి పోతే పోనియ్ బావా! బట్టలు ఆడ కొనుక్కోవచ్చు. మీరు బయల్దేరుండి!"

"ఆధార్ కార్డులు సంచిలున్నయ్," అన్నాడు.

ప్రయాణానికి కావలసినవన్నీ ప్రయాణంతోనే దాటాలని అక్క నమ్మకం. ఆధార్, ఓటరు కార్డు, బావ లైసెన్సు, మనిషి ఎవరో చెప్పే కాగితాలన్నీ ఒక్క ప్లాస్టిక్ కవర్లో కట్టి, మిరపకాయల కింద భద్రంగా పెట్టింది. ఫోన్లో ఆధార్ తెరుద్దామంటే, దానికి ఇచ్చిన నంబరు ఎప్పుడో వదిలేసిన సిమ్ముది.

"తాళం పగలగొడ్త," అని బావ అంటుంటే, వెనక అక్క మాట స్పష్టంగా వినిపించింది. "మనల్ని నమ్మి ఊరికి పోయిన మనిషి ఇంటి తాళం పగలగొడ్తవా? నేనేం మొకం పెట్టుకోని పోవాలె ఆడికి?"

వదిన ఫోన్ ఎత్తేటప్పటికి పది దాటింది. సేడం నుంచి ఉరుకుల మీద వచ్చింది పాపం, కన్నడంలోనూ తెలుగులోనూ తనను తానే తిట్టుకుంటూ. ఆమె తాళం తీసే వేళకు విమానం లేచిపోయి ఉంటుంది. ఆ రోజు నేను కట్టించిన ఇడ్లీలు స్టాఫ్ రూంలో పంచాను. ఏం సంతోషం సారూ అని అడిగారు.

రద్దు చేసినా పాయింట్లు చాలావరకు వెనక్కి వచ్చాయి. అందుకే ఇంకోసారి చూద్దాం అనుకున్నాను. అక్క కూడా అట్లాగే అంది. తర్వాత పరీక్షలు, తర్వాత ఎండాకాలపు రద్దీ. ఒకసారి ఒక్క సీటే పడింది. ఒక్కదాన్ని పోలేనంది అక్క. బావ రెండుసార్లు, "కొనేద్దామా?" అని అడిగాడు. కొందామనే లోపల ఒక సీటు మెరిసి మాయమయ్యేది, దాని వెంట నా మనసూ పోయేది.

చెల్లె బదిలీ ఉత్తర్వు అనుకున్నదానికంటే ముందే వచ్చింది. హైదరాబాద్ దగ్గరికే. అందరం ఏళ్లుగా కోరుకున్నదే. నేను ఆ నిమిషమే ఫోన్ చేశాను.

"చెల్లె, నువ్వు ఇంకో వారం ఉంటవ్ గద? రేపే టికెట్లు కొంట. పాయింట్లతోని కాదు, పైసలతోని. ఏ వారమైనా సరే అక్క వస్తనంటున్నది."

"ఎందుకన్నా ఇప్పుడు," అంది. "వెంటనే వచ్చి చేరమన్నరు. మంచాలు ఇచ్చేసిన. సామానంత కట్టిన. వచ్చి ఏం చూస్తది అక్క, గోడలా?"

శంషాబాద్‌కు ముగ్గురం పోయి తీసుకొచ్చాం. కారులో అక్క ఆమె చెయ్యి పట్టుకునే కూర్చుంది. బావ మధ్యలో అడిగాడు, మీ తమిళామె ఏమన్నదని.

"ఎయిర్‌పోర్ట్ దాక వచ్చి దింపింది బావా. నిన్ను తీసుకపోనీకన్నా మీవోళ్లు వస్తరా అన్నది. హైదరాబాద్‌ల వస్తరని చెప్పిన."

బావ డ్రైవరుతో ఏసీ పెంచమన్నాడు.

తాండూరు చేరాక, అన్నాలయ్యాక, అక్క వంటింటి గడప దగ్గర కూర్చుని చెల్లెను అడగడం మొదలుపెట్టింది. తలుపు ఏ దిక్కు? పొయ్యి ఎక్కడ? ఎండ ఎటునుంచి పడేది? చెల్లెకు మాటల్లో చెప్పడం రాలేదు. చెంబులో వేలు ముంచి, నేల బండ మీద గీయసాగింది. ఇది వరండా. ఇది నేను పడుకునే గది. గీత గీసేంతలో వెనక గీత ఆరిపోతోంది.

"నాకు కొన్న మంచం ఏది?" అంది అక్క.

చెల్లె ఆ గది ఎక్కడుందో వెతికింది. బండ మీద తడి లేదు.

"పోనియ్ అక్కా."

"ఎందుకు పోనిస్త?" అక్క చెంబును ఆమె ముందుకు జరిపింది. "మళ్ల గియ్యి. తలుపు కాడి నుంచి."