బ్రేక్ ఆయిల్‌లో పసుపు నీళ్లు

మొన్న సర్వీసింగుకి ఇచ్చిన కారు తెచ్చుకుందామని వెళ్తే ఇంకా పని కాలేదు, కూర్చోమన్నారు. అద్దాల గది అవతల బానెట్ ఎత్తిపెట్టి మెకానిక్ ఒక చిన్న డబ్బా సీలు తీశాడు, తలుపు సందులోంచి ఆ వాసన నా దాకా వచ్చింది. ఆముదానికీ దగ్గుమందుకూ మధ్యలో ఎక్కడో ఉండే వాసన, బ్రేక్ ఆయిల్ వాసన. పక్కన కూర్చున్నావిడ ఫోనులోంచి తలెత్తలేదు. నేను మాత్రం లేచి బయటికి వెళ్లి నిలబడ్డాను.

తొంభైల నాటి సంగతి. మాది మాదన్నపేటలో, కూరగాయల మార్కెట్ వెనక గల్లీ. మా బాపు ఒక పాత అంబాసిడర్ కొని కిరాయికి తిప్పేవాడు. మా అమ్మకు కొత్త చీర కొనడం ఏ పండక్కయినా మరిచిపోయేవాడు గానీ, దసరా ముందు ఆ బండికి తలంటు పోయడం ఏనాడూ మరిచిపోలేదు. మార్కెట్ నిండా బంతిపూల గుట్టలు, తంగేడు, గునుగు. మా బియ్యం డబ్బాలో మగ్గేసిన సీతాఫలాల వాసన. గల్లీలో ప్రతి గడప ముందూ కడుగుతున్న సైకిళ్లు, కుట్టుమిషన్లు, తరాజులు. అన్నిటి మధ్యా నోరు తెరుచుకుని మా అంబాసిడర్ నిలబడి ఉండేది.

ఆ పనికి బాపుకు తోడు గౌస్ చాచా. మాకు రెండిళ్ల అవతల ఉండేవాడు, గల్లీ మొగదల ఆయన మెకానిక్ షెడ్డు. మనిషి పొట్టి, కోపం పొడుగు. బాపుకు పెళ్లి కాకముందు నుంచే దోస్తు. ఉదయమే గోనెసంచిలో నట్లు విప్పే తన పానాలు మోసుకొచ్చి, "నా సామాన్లకు గూడ బొట్టు పెట్టమ్మా, లేకుంటె ఏడాదంత నట్లు ఊడయి" అని మా నానమ్మ ముందు గుమ్మరించేవాడు. ఆవిడ ఒక్కో పానాకు పసుపు, కుంకుమ పెడుతుంటే పక్కన నిలబడి లెక్కపెట్టుకునేవాడు, ఒక్కటి తప్పినా ఊరుకునేవాడు కాదు.

ముందు బ్యాటరీ తీగలు విప్పి, తడి తగలకూడని చోటల్లా ప్లాస్టిక్ సంచులు చుట్టేవారు. ఆ తర్వాత కిరసనాయిల్‌లో ముంచిన బ్రష్షుతో ఏడాది మడ్డి అంతా రుద్దేవారు. బాపు అరిగిపోయిన టూత్ బ్రష్షుతో మూలమూలలా తోముతుంటే, అంత శ్రద్ధ పళ్ల మీద పెడితే బాగుండునని అమ్మ గొణుక్కునేది. బ్యాటరీ మీద పూసిన తెల్లటి బూజు మీద వేడినీళ్లు పోయడం నా వంతు. ఇంకో పని కూడా నాదే. బ్రేక్ ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే రంగు పొక్కిపోతుందట, అందుకని అది పడ్డ క్షణమే చాచా "పానీ, బేటీ, పానీ" అని కేకేసేవాడు, నేను చెంబుతో పరిగెత్తేదాన్ని. ఆ ఆయిల్‌కు నీళ్లు మంచి చేస్తాయని నా బుర్రలో అలా పడిపోయింది.

నాకు పదకొండో ఏట, ఆ దసరా ముందు రోజు, చాచా బ్రేక్ గిన్నెలోని పాత నల్లటి ఆయిల్ సిరంజితో లాగేసి, సీలు డబ్బా విప్పి కొత్తది పోశాడు. గిన్నె మూత సబ్బుతో కడిగి గోడ మీద ఎండలో పెట్టి, ఆయిల్ గిన్నె మూతి మీద ఉతికిన తెల్లబట్ట కప్పాడు. "మూత ఆరేదాంక బట్ట ముట్టకు బేటీ" అని చెప్పి, బాపుతో కలిసి చాయ్‌కి ఇరానీ హోటల్‌కు పోయాడు.

మా నానమ్మకు దేవుడి మీద కన్నా గడియారం మీద భక్తి ఎక్కువ. "పది దాటితె మంచి గడియ పోతది, పసుపు నీళ్లు చల్లు" అని చెంబు, మామిడాకు నా చేతిలో పెట్టింది. ఇంజనంతా చల్లాను. చల్లుతుంటే నాకు తోచింది, బండిని ఆపేది ఈ ఆయిలే కదా, దీనికే దీవెన అందకపోతే ఎట్లా అని. బట్ట తీశాను. మామిడాకుతో నాలుగు చుక్కలు వేశాను, అవి చాలవనిపించి పుడిసెడు పోశాను. నీళ్లు పైకి తేలతాయనుకుంటే, షరబత్తులో కలిసినట్టు కలిసిపోయాయి. ఏదో తప్పు జరిగిందని ఆ నిమిషంలోనే అర్థమైంది. బట్ట మళ్లీ కప్పేసి, చెంబు కడిగి బోర్లించి, ఏమీ ఎరగనట్టు సీతాఫలం తింటూ కూర్చున్నాను.

వాళ్లు వచ్చాక ఎప్పటిలాగే బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీసే పని సాగింది. చాచా బండి కింద దూరాడు, బాపు పైనుంచి ఆయిల్ పోస్తూ నిలబడ్డాడు, నేను సీటు అంచుకు జారి బ్రేక్ పెడల్ మీద కాలుపెట్టాను. "మార్" అంటే తొక్కాలి, "పకడ్" అంటే అట్లాగే పట్టుకోవాలి, "ఛోడ్" అంటే వదలాలి. నాలుగు చక్రాలకూ నేను పోసిన నీళ్లను నా కాలితోనే తోశాను.

పండగ వెళ్లిన వారానికి బాపు ఒక కుటుంబాన్ని శ్రీశైలం తీసుకెళ్లాడు. తిరుగు దారిలో ఘాటు దిగుతుంటే బ్రేకు పట్టక పెడల్ నేలకు పోయింది. బండిని కొండవైపు రాసి ఆపాడు. లోపలివాళ్లు చిన్నచిన్న దెబ్బలతో బయటపడ్డారు, బాపు ఎడమ చెయ్యి విరిగింది. కాసేపటికి చల్లారాక బ్రేకు మళ్లీ మామూలుగా పట్టిందట. ఆయిల్‌లో నీళ్లుంటేనే ఇట్లా అవుతుంది, వేడికి ఆవిరైపోతాయి అని అక్కడి మెకానిక్ చెప్పాడు.

బాపు చేతికి పిండికట్టుతో ఇంటి ముందు దిగీ దిగగానే చాచా పరిగెత్తుకొచ్చాడు. బాపు ఆయన్ని ఇంట్లోకి కూడా రానివ్వలేదు, గల్లీలోనే నిలబెట్టాడు.

"ఇరవై ఏండ్ల దోస్తానా భాయ్. నీళ్లు కల్పిన డబ్బ తెచ్చి పోస్తివి గద."

"సీల్ డబ్బా అన్నా. నీ ముంగటనే ఇప్పిన."

"మరి నీళ్లు యాడికెల్లి ఒచ్చినయ్?"

చాచా జవాబు చెప్పబోయి ఆగాడు. గడప మీద కూర్చున్న నా వైపు ఒక్కసారి చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

గల్లీ అంతా విన్నది. కల్తీ ఆయిల్ పోసేవాడని పేరు పడితే మెకానిక్ బతుకేముంటుంది? ఆటోలవాళ్లు ఒక్కొక్కరే మానుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆయన షెడ్డు మూసి ఫలక్‌నుమా వైపు వెళ్లిపోయాడు. నేనేమో ఈ రోజు చెప్తా, రేపు చెప్తా అనుకుంటూనే ఉన్నాను. ఇంట్లో నానమ్మ వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, "ఈ పిల్ల పసుపు నీళ్లు చల్లింది గనుకనె నా కొడుకు పానం దక్కింది" అని చెప్పుకునేది, నా తల నిమిరేది. ఆ మెప్పు నేను నోరు మూసుకుని తీసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నిజం దాచడం కన్నా అదే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

ఆ తర్వాత బాపు ఇంటి దగ్గర ఎన్నడూ బానెట్ విప్పించలేదు. ఎవరు బాగు చేసినా "గౌస్ చెయ్యి లెక్క లేదు" అని సణిగేవాడు, మళ్లీ తనకే కోపం వచ్చి ఊరుకునేవాడు. ఆ మాట విన్న ప్రతిసారీ నేను ఏదో పనున్నట్టు లేచి లోపలికి వెళ్లిపోయేదాన్ని. రెండేళ్ల కిందట బాపు పోయాడు.

పోయినేడు ఫలక్‌నుమాలో చాచా కొడుకు వర్క్‌షాపు వెతుక్కుంటూ వెళ్లాను. ముందర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మనిషి మరీ చిన్నగా అయిపోయాడు. చెప్పేశాను, ఏడుస్తూనే.

"ఎరుక బేటీ. ఆ దినం మూతి మీది బట్ట తీస్తె పసుపు అంటి ఉండె. పైన చల్లితె అంటిందనుకున్న. లొల్లిల నీళ్ల మాట ఒచ్చినంక సమఝ్ అయింది."

"మరి బాపుకు ఎందుకు చెప్పలేదు చాచా?"

"చిన్న పోరివి. నువ్వే చెప్తవనుకున్న. రంజాన్‌కు ఎదురు చూసిన, మళ్ల దసరకు ఎదురు చూసిన." కుర్చీ నా వైపు జరుపుకున్నాడు. "మీ బాపుకు చెప్పినవా?"

లేదన్నాను.

"నాకు చెప్తె ఏం ఫాయిదా? నాకు ఎరుకనే గద. ఎరుక లేనోడు పాయె."

కసిరినట్టు అనలేదు, ఓదార్చినట్టూ అనలేదు. చాయ్ తెప్పించాడు, తాగి వచ్చాను.

సర్వీస్ సెంటర్లో ఆ రోజు మెకానిక్ ఒక్కడే, ఒక మిషన్ గొట్టం తగిలించి నాలుగు చక్రాల పనీ ముగించాడు. ఇంజన్ మీద ఆవిరి కొట్టి క్షణంలో తళతళలాడించాడు. కిరసనాయిల్ లేదు, టూత్ బ్రష్షు లేదు, "పకడ్" అని కేకేసేవాళ్లు లేరు, పెడల్ తొక్కడానికి ఇంకో మనిషితో పని లేదు. మాదన్నపేటలో మా ఇల్లున్న చోట ఇప్పుడు నాలుగంతస్తులు లేచాయి.

"దసరా వస్తుంది గదా మేడం, బొట్టు పెట్టియ్యాల్నా?" అని అడిగాడు బానెట్ పట్టుకుని.

బ్రేక్ ఆయిల్ మూత బిగించావా అని అడిగాను. బిగించానన్నాడు. అయినా దగ్గరకు వెళ్లి, చేత్తో తిప్పి చూశాను.