గుట్టకు ఐదు వందల తెడ్లు

కృష్ణ మీది డ్యాం వెనుకనీళ్లలో మా ఒడ్డు నుంచి రాతిగుట్టకు ఐదు వందల తెడ్లు పడతాయని మొదట లెక్కపెట్టింది నేనే. తెడ్డు నీళ్లలో వేసి ఒకసారి లాగితే ఒకటి. నాలుగో తరగతిలో బడి మానేసినా ఎదురుపడ్డదల్లా లెక్కపెట్టే అలవాటు పోలేదు. ఒక ఎండాకాలం మూడు రోజులు వరుసగా లెక్క తీశాను. 498, 503, 500. ఆ తర్వాత మా ఒడ్డున అది సామెతలాగా అయిపోయింది. కొత్తగా తెడ్డు పట్టినవాడిని "ఐదు వందలకు గుట్ట ముట్టినవా?" అనే అడిగేవారు.

ఆ తెడ్లు వేసింది మా అన్న. మాది గుండ్రటి పుట్టి, వెదురుతో అల్లి తారు పూసింది. ఒకరు తెడ్డు వేయాలి, ఒకరు వల వదలాలి. వల నాది.

తెలంగాణ వచ్చాక రెండు మూడేళ్లకు, ఒక పొద్దున గుట్ట మలుపులో పర్యాటకుల మోటరు పడవ మా మీదికి వచ్చింది. ఎండ దాన్ని నడిపేవాడి కళ్లలో కొడుతోంది. పడవ ముక్కు పుట్టికి తగిలింది. నేను ఎగిరి నీళ్లలో పడ్డాను, ఒంటి మీద గీత కూడా పడలేదు. అన్నకు కుడి భుజం దగ్గరి ఎముక రెండు ముక్కలైంది, తల పక్కన పదకొండు కుట్లు పడ్డాయి. దవాఖానలో ఇరవై మూడు రోజులు.

ఎముక అతికింది. చెయ్యి మాత్రం చెవి దాటి పైకి లేవలేదు. ముక్కుకు వాసన తెలియడం పోయింది. కుళ్లిన చేప ముందు పెట్టినా తినేవాడు, వదిన చూసి లాక్కునేది. ఇంజను చప్పుడు వినిపిస్తే తల పట్టుకుని కూలబడేవాడు. అన్నిటికంటే నవ్వులపాలు చేసింది మాట. ఒక వస్తువు పేరు అడగబోయి ఇంకోటి అడిగేవాడు. తెడ్డును గంప అనేవాడు. ఒడ్డున అందరికీ అదొక ఆట.

"అన్నా, గంపతోని పుట్టి నడుపుతవా, పుట్టితోని గంప నడుపుతవా?"

అన్న కూడా నవ్వేవాడు. ఎందుకు నవ్వుతున్నారో అర్థమై నవ్వేవాడో కాదో నాకు తెలియదు.

ఎనిమిది నెలలకు, వానలు పోయాక, పుట్టిలో తన జాగా తనకు కావాలన్నాడు. పుట్టిలో కూర్చున్నవాడికే చేపల కుప్పలో వాటా. జాగా పోతే ఇంటికి చేప రాదు. మా చేపలవాళ్ల సంఘం పెద్ద అందరి ముందు చెప్పాడు: "ఐదు వందలకు గుట్ట ముట్టు. యాభై ఎక్కువైనా ఏమనం. నీ జాగా నీదే. లెక్క నీ తమ్ముడే పెడ్తడు."

పుట్టి ఎక్కేటప్పుడు వదిన నా దగ్గరికి వచ్చింది. "లెక్క జర చూసి పెట్టు."

"ఉన్నది ఉన్నట్టే పెడ్త వదినె," అన్నాను.

ఐదు వందలకు గుట్ట ఇంకా దూరంగానే ఉంది. ఐదు వందల యాభైకి "ఇగ ఆపన్నా" అన్నాను. ఆపలేదు. ఎడమ చేతితో లాగుతూ, కుడి చేతిని దానికి ఆనించి, పళ్లు కొరుక్కుంటూ వేశాడు. ఏడు వందల ముప్పై ఒకటికి పుట్టి రాతికి తగిలింది. అంచు మీదికి వంగి కక్కుకున్నాడు.

ఒడ్డుకు వచ్చి ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"నీళ్లు పెరిగినయి," అన్నాడు అన్న. "ఒడ్డు ఎన్కకు జరిగింది. గుట్ట దూరమైంది."

"నీళ్లు పెరిగినయా, నీ చెయ్యి పొట్టిగైందా?" అన్నారెవరో.

"తెడ్డును గంప అనేటోడు మనకు దూరం చెప్తుండు," అన్నాడు సంఘం పెద్ద.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అన్న జాగాలోకి నా భార్య తమ్ముడు వచ్చాడు. ఇరవై ఆరేళ్లవాడు, బలమైన రెండు చేతులు. ఆ ఏడు నేను లెక్కపెట్టలేదు. ఐదు వందలని తెలిసిందే కదా. మళ్లీ వానలు వచ్చి పోయాక ఒకరోజు బామ్మర్ది "చేతులు గుంజుతున్నయి బావా" అని గొణిగితే, ఊరికే లెక్కపెట్టాను. ఏడు వందల పదహారు. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ పెట్టాను. ఏడు వందల ఇరవై.

ఎండాకాలంలో నీళ్లు దిగినప్పుడు తీసిన లెక్కను, డ్యాం నిండినప్పుడు అన్న నెత్తిన పెట్టాను. నీళ్లు నిండితే పుట్లను వెనక్కి లాగి కట్టేది మేమే. ఆ ఒడ్డున ఉన్నవాళ్లలో ఆ సంగతి గుర్తున్నది మతి చెదిరిందని మేమనుకున్నవాడికి ఒక్కడికే.

పంతొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. చెబితే బామ్మర్ది దిగాలి, ఇంట్లో గొడవ. అంతకంటే నా లెక్క తప్పని ఊరంతా అంటుంది. ఆఖరుకు సంఘం పెద్దకు చెప్పాను.

"గిప్పుడెందుకు తవ్వుతవు? పిలగాడు మంచిగనే తెడ్డేస్తుండు గద," అన్నాడు.

అన్న దగ్గరికి పోయాను. ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. అంతా చెప్పాను.

"నాదెంతుండె?"

"ఏడు వందల ముప్పై ఒకటి."

"పిలగానికి నాకు పదిహేను తేడా," అన్నాడు, ఒక్క క్షణం కూడా ఆగకుండా. తర్వాత అడిగాడు: "రేపు నన్ను తోల్కపోతవా?"

"బామ్మర్ది ఉన్నడు గదన్నా."

అన్న లోపలికి చూసి వదినతో అన్నాడు: "వీనికి చాయ్ పొయ్యి. లెక్క చెప్పి చెప్పి అలిసిండు."

తాగి వచ్చాను.

పోయిన ఏడు అన్నను నల్లగొండలో డాక్టరుకు చూపించాను. ఇప్పుడు ఆ చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. డాక్టరు పట్టుకుని ఎత్తబోతే అన్న నోట్లో తువ్వాల కుక్కుకున్నాడు. "కీలు బిగుసుకుపోయింది. పని చేస్తూ ఉంటే ఇంత అయ్యేది కాదు. ఎందుకు మానేశాడు?" అని డాక్టరు అడిగాడు.

"మా తమ్మున్ని అడుగుండ్రి సారూ, లెక్కలన్నీ వానికే ఎరుక," అన్నాడు అన్న.

డాక్టరు నా వైపు తిరిగాడు. మానేసి ఎన్నేళ్లయిందో, అది మాత్రం చెప్పాను.