పలచబడ్డ ఎండ

మా నాయన ఎండను అరచేత్తో చూసేవాడు. తమిళనాట తాయిల్‌పట్టి వైపు ఒక టపాసుల కంపెనీలో ఆయన ఫోర్‌మన్. పొద్దున్నే కంపెనీ వ్యాను కోవిల్‌పట్టి శివారులోని మా వీధికి వచ్చి ఆయన్నీ, పనికి వచ్చే ఆడవాళ్ళనీ ఎక్కించుకుని పోయేది. అక్కడ రంగుల మందును తడిపి, గోలీలంత గుళికలు చేసి, పళ్ళేల్లో పోసి ఆరుబయట సిమెంటు తిన్నెల మీద ఎండబెడతారు. దీపావళి రాత్రి ఆకాశంలో ఎర్రగా పచ్చగా విచ్చుకునేవి ఆ గుళికలే. వాటిని ఎప్పుడు పరచాలో చెప్పడం నాయన పని. చెప్పే ముందు తిన్నెకు మూరెడు ఎత్తున చెయ్యి చాపి, వేళ్ళు విడదీసి, కింద పడ్డ నీడను చూసేవాడు. వేళ్ళ అంచులు గీత గీసినట్టు తెగి కనబడితే "పరచండి" అనేవాడు. చెదిరి ఉంటే తల అడ్డంగా ఊపి షెడ్డులోకి పోయి కూర్చునేవాడు.

వేడి ఎంత ఉందన్నది ఆయన లెక్కలోకి రాదు. ఒళ్ళు కాలిపోతున్నా సరే, నీడ చెదిరితే అది ఎండ కాదు. ఇంట్లోనూ ఇదే వరస. మిద్దె మీద వడియాలు పెట్టాలన్నా మా అమ్మ ఆయన్ని పిలవాల్సిందే. "మీ నాయన చెయ్యి చాపితే గాని సూర్యుడికి పని మొదలుపెట్టే ధైర్యం రాదు" అని ఆమె మాతో చెప్పి నవ్వేది. నాకు మాత్రం ఆ చెయ్యి చాపడం నామోషీగా ఉండేది. కోవిల్‌పట్టిలో అప్పుడు ఫిజిక్స్ చదువుతున్నాను, రెండో సంవత్సరం. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేను ఒక్కదాన్నే. నాకెంత తలబిరుసు ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తొంభైల మొదట్లో సముద్రాల అవతల ఎక్కడో ఒక అగ్నిపర్వతం పేలింది. దాని గంధకం ఆకాశంలో బాగా పైకి పోయి, భూమి చుట్టూ పలచని తెరలా పరుచుకుందనీ, దానివల్ల లోకం కొంత చల్లబడిందనీ తర్వాత పుస్తకాల్లో చదివాను. అప్పుడు మాకు కంటికి కనబడింది వేరు. చాలా రోజులు ఆకాశం నీలంగా లేదు, సున్నపుతేటలా ఉండేది. అది ఆ తెర వల్లనా, లేక మా చుట్టుపక్కల దుమ్మూ పొగా వల్లనా అన్నది నేను ఇప్పటికీ తేల్చి చెప్పలేను. నాయన చేతి నీడ మాత్రం చెదిరిపోయింది.

దీపావళికి ముందు నెలలు అవి. కంపెనీకి ఊపిరాడని కాలం. నాయన వరసగా మూడు రోజులు పరచవద్దన్నాడు. నాలుగో రోజూ వద్దన్నాడు. మేనేజరు అందరి ముందూ "ఏమయ్యా జోస్యుడా" అని పిలిచాడు. పరిచిన పళ్ళేలను బట్టి కూలి గనక ఆడవాళ్ళూ సణిగారు. మా వెనక వీధిలో తల్లితో ఉండే ఒక అక్క మాత్రం ఎగతాళి చేస్తూనే ఆయన్ని వెనకేసుకొచ్చేది. వ్యాను ఎక్కుతూనే "ఏం మామా, ఈ పొద్దన్నా నీ చెయ్యికి సూర్యుడు జవాబు చెప్పినాడా?" అని అడిగేది. ఆమెకు పెళ్ళి కాలేదు, తండ్రి లేడు. నా జడ చాలాసార్లు ఆమే వేసింది.

ఐదో సాయంత్రం నాయన అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు గాని తినలేదు. నాకు జాలేసింది. జాలితో పాటు, నా చదువు ఇప్పుడు పనికొస్తుందన్న సంబరం కూడా. కాలేజీ లేబొరేటరీ నుంచి అడిగి తెచ్చుకున్న థర్మామీటరు నా దగ్గర ఉంది. రెండు నెలల కిందట, నీడ బాగా తెగిన రోజున, మిద్దె మీద దాన్ని పెట్టి, పాదరసం ఎక్కినచోట రాసుకున్న గుర్తు కూడా ఉంది. ఆ గుర్తు దగ్గర గాజు చుట్టూ ఎర్రదారం కట్టి తెచ్చి ఇచ్చాను.

"నాయనా, పాదరసం ఈ దారం దాటితే పరచు. దాటకపోతే వద్దు. నీడను చూసి ఎండ చెప్పేది ఏ పుస్తకంలోనూ లేదు."

"లేకుంటే పోనీమ్మా. నా చెయ్యి ఉండాది గదా."

"నీ చెయ్యి చెప్పేది నీకు మాత్రమే తెలుస్తాది. దీన్ని ఎవురన్నా చూడొచ్చు. మేనేజరుకు చూపించు, నోరు మూస్తాడు."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది పొరపాటు చెప్పదా?" అన్నాడు.

నేను నవ్వాను. "మనుషులు చెప్తారు నాయనా పొరపాటు. ఇది చెప్పదు."

మర్నాడు తిన్నె మీద పెడితే పాదరసం దారం దాటింది. మేనేజరు చూశాడు, ఆడవాళ్ళూ చూశారు. నాయన పరచమన్నాడు. సాయంత్రం ఒక గుళికను గోళ్ళ మధ్య పెట్టి విరిచాడు. పైన పొర గట్టిపడింది, టక్కుమంది. ఎండిందని ఎత్తించి నిలవ గదిలో కుప్పగా పోయించాడు. నిజానికి లోపల చెమ్మ అలాగే ఉంది. ఆ తిన్నెలు నెలల తరబడి కాగి ఉన్నాయి, గాలీ వేడిగానే ఉంది. థర్మామీటరు చెప్పింది ఆ వేడిని. గుళికను లోపలి దాకా ఆరబెట్టేది సూటిగా పడే ఎండ. ఆ రెండూ ఒకటే అనుకున్నది నేను. అల్యూమినియం పొడి కలిసిన మందు చెమ్మతో కుప్పగా ఉంటే దానంతటదే లోలోపల కాగుతుందని టపాసుల పని చేసే అందరికీ తెలుసు. ఆరని గుళికల్ని నాయన తన బతుకులో ఏనాడూ గదిలో పెట్టించలేదు.

ఆ మర్నాడు పొద్దున పది గంటలకే వ్యాను తిరిగొచ్చింది. గది తలుపు తీసింది అక్కే, తీస్తూనే లోపలి మందు భగ్గుమంది. నాయన ఆమెను బయటికి లాగబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు. ఆమెను ఇంటికి తెచ్చినప్పుడు తల్లికి ముఖం చూపించలేదు.

విచారణకు వచ్చినవాళ్ళతో నాయన ఒకే మాట చెప్పాడట. "నేనే నీడ చూసినాను సార్. తప్పుగా చూసినాను." మేనేజరు థర్మామీటరు ఊసే ఎత్తలేదు. ఎత్తితే దాన్ని తనూ చూశానని ఒప్పుకోవాలి. ఆసుపత్రిలో నాయన కట్లు కట్టిన చేత్తోనే దిండు వైపు చూపించాడు. దిండు కింద చొక్కాజేబులోంచి తీసిపెట్టిన థర్మామీటరు ఉంది, ఏమీ కాలేదు, దారం కూడా అలాగే ఉంది. "దీన్ని కాలేజీలో ఇచ్చేయమ్మా. నువ్వు ఇచ్చినావని ఎవురికీ చెప్పవద్దు. చదువు పాడైపోతాది" అన్నాడు. నేను దారం విప్పేసి, తీసుకెళ్ళి ఇచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల భయపడి ఊరుకుందంటే అర్థం చేసుకోవచ్చు. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఊరుకోవడానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

నాయన్ని మళ్ళీ ఎవరూ ఫోర్‌మన్ పనికి పిలవలేదు. కాలిన చర్మం ముడుచుకుపోయి వేళ్ళు పూర్తిగా చాచలేకపోయాడు. అగ్గిపెట్టెల కాగితాలు మోస్తూ బతికాడు. వీధిలో ఆయన పోతుంటే, కళ్ళు పొరలు కమ్మి ఒక ఆడబిడ్డను పొట్టన పెట్టుకున్నవాడని ఆయనకు వినబడేటట్టే అనేవాళ్ళు. నేను చదువు ముగించి విరుదునగర్‌లో ఒక బాలికల పాఠశాలలో సైన్సు టీచరునయ్యాను. నా మొదటి జీతంతో నాయనకు పంచె కొంటే, కట్టుకుని వీధంతా తిరిగి వచ్చాడు. అందుకు నాకు ఏడుపొచ్చింది.

ఆయన పోయిన మరుసటి ఏడాది, రెండువేల ఐదు దాటాక, మా బళ్ళో సైన్సు ఎగ్జిబిషన్ జరిగింది. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పత్రికలో చదివిన సంగతిని నమూనాగా చేసి పెట్టింది. గాజుతొట్టి పైన పెద్ద బల్బు, లోపల థర్మామీటరు. అగరొత్తుల పొగను తొట్టి పై భాగంలోకి వదిలితే పాదరసం దిగుతుంది. విమానాలతో గంధకాన్ని ఆకాశం పైకి చల్లితే సూర్యుడికి తెర పడి భూమి చల్లబడుతుందని ఆ పిల్ల గడగడా అరవంలో చెప్పింది. పాదరసం దిగగానే చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను తొట్టి అడుగున చూస్తున్నాను. అక్కడ ఆ పిల్ల పెట్టిన బొమ్మ చెట్టు నీడ అంచులు కరిగిపోయాయి.

"ఎండ తగ్గుతుంది కదా, ఎవరికైనా నష్టం ఉండదా?" అని అడిగాను.

"కొంచెమే టీచర్. ఎవరికీ తెలియను కూడా తెలియదు" అంది.

నాకు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు. లోకం వేడెక్కుతున్నది నిజం. మా నల్లరేగడిలో వానలు మొహం చాటేయడం నేను కళ్ళారా చూశాను. ఏదో ఒకటి చెయ్యాలనే వాళ్ళను నేను తిట్టలేను, ఆ రోజు నేనూ ఏదో ఒకటి చెయ్యాలనే చేశాను. కానీ తెలియదంటే ఎట్లా? తెలిసిన మనిషి ఒకడు ఉండేవాడు. ఆయన వద్దన్నాడు. ఆయన నోరు మూయించింది నేను. ఆ పిల్లకు మొదటి బహుమతి నేనే రాసిచ్చాను.

ఆ ఆదివారం కళుగుమలై బస్సు ఎక్కాను. కూతురు పోయాక అక్క తల్లి అక్కడికి దగ్గర్లోని తన పుట్టినూరికి వెళ్ళిపోయింది. బస్సు దిగి మూడు మైళ్ళు నడవాలి. ముసలామె గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. నన్ను చూసి "వాని కూతురివి గదా" అంది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. దారం సంగతి, పొరపాటు చెప్పదన్న మాట, నాయన మీదేసుకున్న నింద, అన్నీ. చేట ఆగిపోయింది.

"మీ నాయన ఏటేటా వస్తా ఉండె" అంది ఆమె. "నా బిడ్డ పోయిన దినానికి. అదో, ఆ రాయి మీద కుచ్చుంటా ఉండె. 'నేను తప్పు చూసినాను అక్కా' అంటా ఉండె. అంతే, వేరే మాట లేదు."

నాకు తెలియదు. ఏడాదికోసారి కళుగుమలై గుడికి పోతున్నానని ఇంట్లో చెప్పేవాడు.

"ఆ ఎండలో అంత దూరము నడిచి వస్తా ఉండె. పెదాలు పగిలి ఉండేవి. ఒక్క తూరి కూడా నీళ్ళు తాగమని చెప్పలేదు నేను. ఆయప్ప అడగనూ లేదు. కొంచేపు కుచ్చోని, లేచి పోతా ఉండె." ఆమె చేటను పక్కన పెట్టింది. "నువ్వు ఇది అప్పుడే వచ్చి చెప్పింటే ఒక చెంబు నీళ్ళు ఇచ్చింటాను గదే, పాప."

ఆమె గోడ పట్టుకుని లేచి లోపలికి పోయింది. చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చి "తాగు" అంది. చెంబు ఖాళీ అయ్యేదాకా నా ముఖం వైపే చూస్తూ నిలబడింది.